కొసరుకి రెండు గుడ్లు

గుడ్లు పెడుతున్న నాటుకోడి పెట్టని, ఆరు వందలు చెప్పినదాన్ని, మూడు వందల యాభైకి కొన్నాను. పైన రెండు గుడ్లు కొసరు కూడా పట్టాను. మా రాజాం బజారులో కోళ్లమ్మేవాళ్లని ఎవరినైనా అడగండి, ఆ డబ్బుకి ఈకలు కూడా రావంటారు. నేను తెచ్చాను. అదీ చినుకులు పడుతుంటే ఒక చేత్తో గొడుగు పట్టుకుని, ఐదే ఐదు నిమిషాల్లో. పక్కన నిలబడ్డ విదేశీయుడొకాయన ఆ బేరమంతా ఫోన్లో వీడియో తీసుకుని, అయిపోయాక చప్పట్లు కొట్టాడు. నేను సిగ్గులేకుండా తల వంచి దండం కూడా పెట్టాను.

అంత మంచి బేరం నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు. అంత చెడ్డ పని కూడా చెయ్యలేదు. ఆ సంగతి తెలియడానికి ఒక్క పూట పట్టింది. ఒప్పుకోవడానికి నెల దాటింది.

నేను కొట్లో పుట్టినదాన్ని. మాటవరసకి అనడం లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున ఇంట్లోకి కంటే ముందు కిరాణా కొట్లోకే తీసుకెళ్లారట. మా నాయనమ్మ పెద్ద కాటా పళ్లెంలో గుడ్డ పరిచి నన్ను పడుకోబెట్టి, అవతలి పళ్లెంలో కందిపప్పు పోసి తూచింది. నాకు ఎంత పప్పు తూగిందో అంతా వండించి బజారులో పంచిపెట్టింది. "పప్పులో రాళ్లేరి మరీ తూసింది మీ నాయనమ్మ. రాళ్ల బరువు నీ లెక్కలో కలిసిపోతాదని" అని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

అలాంటి ఇంట్లో పెరిగితే బేరం ఎవరూ నేర్పక్కర్లేదు. అయినా నాన్న నేర్పాడు. ధర కుదరకపోతే సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగి నడవాలి. మూడో అడుగుకి పిలుస్తారు. పిలవలేదంటే అసలు ధర అదే అన్నమాట, అప్పుడు పరువు చూసుకోకుండా మనమే వెనక్కి తిరగాలి. ఇక కొసరు సంగతి చెప్పనే అక్కర్లేదు. తూకం అయ్యాక, డబ్బులిచ్చాక, సంచి మూతి కట్టే ముందు పైన వేసే గుప్పెడు. కొసరు వెయ్యని కొట్టుకి మా వైపు రెండోసారి ఎవరూ వెళ్లరు. నాన్న కొట్లో జనానికి వేసిన కొసరంతా నేను ఊరంతా తిరిగి వసూలు చేసేదాన్ని. కూరలామె దగ్గర కొత్తిమీర కట్ట, చేపలామె దగ్గర నాలుగు రొయ్యలు. బట్టల కొట్లోంచి కూడా జేబురుమాలు లేకుండా బయటికి వచ్చిన రోజు లేదు.

మా అమ్మ పెద్ద జబ్బు చేసి లేచాక మా ఇంట్లోకి ప్రార్థన వచ్చింది. నాన్న గల్లాపెట్టె పైన పటాలు తియ్యలేదు, అమ్మ పక్కనే బైబిలు పెట్టడం మానలేదు. ఇద్దరూ ఒకే కొట్లో ముప్పై ఏళ్లు కూర్చున్నారు. నేను అమ్మ వెంట చర్చికి వెళ్లాను. నాన్న తర్వాత కొట్టు నాకొచ్చింది. డిగ్రీలో చదివిన ఇంగ్లీషు, కంపెనీల సేల్స్‌వాళ్లతో దెబ్బలాడి నేర్చుకున్న ఇంగ్లీషు కలిసి నాకు ధారాళంగానే వస్తుంది. అందుకే కిందటేడు వానాకాలంలో ఏదో చలిదేశం నుంచి ఆరుగురు మిషన్ ట్రిప్ అని మా చర్చికి వచ్చినప్పుడు, వాళ్లకి మాట అందించే పని, సరుకులు కొనిపెట్టే పని రెండూ పాస్టరుగారు నాకే అప్పగించారు. "మన సిస్టరుంటే దేవుని సొమ్ము పైసా దుబారా అవదు" అన్నారాయన. నిజమే.

మేం వెళ్లిన చోటు గజపతినగరం దాటాక కొండల వైపు గంట ప్రయాణం. ముప్పై నలభై ఇళ్ల ఊరు, మధ్యలో రేకుల కప్పుతో చిన్న ప్రార్థన షెడ్డు. నాలుగు రోజుల కార్యక్రమం. పిల్లలకి పాటలు, బొమ్మలకి రంగులు వెయ్యడం, పెద్దలకి ప్రార్థన, మూడో రోజు ఆరోగ్య పరీక్షలు. వాళ్లు రెండు విమానాలు మారి వచ్చారు. నేను వ్యానులో కూర్చుని వేయించిన పల్లీలు తింటూ వెళ్లాను. మా కొట్టుకీ ఆ ఊరికీ మధ్య ఉన్నది ఒక్క పూట ప్రయాణం. అంతకు ముందు ఎప్పుడూ అక్కడికి వెళ్లాల్సిన అవసరం నాకు కలగలేదు.

మొదటి రోజు పిల్లలకి బిస్కెట్లు పంచాం. వచ్చిన ఆరుగురిలో జుట్టంతా నెరిసిన నర్సమ్మ ఒకామె ఉంది. ఆమె పాటలు పాడటం మానేసి పిల్లల తలల వైపే చూస్తోంది. ఒక పిల్ల దగ్గర వంగి జుట్టు పాయ తీసి వెలుతురుకి పట్టి నాకు చూపించింది. ఎర్రగా, రాగి తీగలా ఉంది.

"ఎండకి అలా అవుతుందండీ. ఇక్కడ ఎండలెక్కువ" అన్నాను నేను, తెలిసినదానిలా.

"ఎండకి కాదు. తిండి లేక" అందామె.

ఆ రంగు జుట్టు నాకు కొత్త కాదు. మా కొట్టు గడప దగ్గర, అమ్మ కొంగు పట్టుకుని, ఐదు రూపాయల నూనె పొట్లం కోసం నిలబడిన పిల్లల్లో ఎన్నేళ్లుగా చూస్తున్నానో. ఎండకనే అనుకున్నాను. ఆ పిల్లల్లో చాలామందికి చాక్లెట్ కొసరు కూడా వేశాను, నేనేదో ధర్మాత్మురాలినైనట్టు.

బిస్కెట్ తీసుకున్న పిల్లల్లో సగం మంది అక్కడ తినలేదు. గౌన్ల అంచుల్లో, చొక్కాల అంచుల్లో ముడేసుకున్నారు. ఎవరికోసమని అడిగితే ఒకడు తడుముకోకుండా "రేపటికి" అన్నాడు. ఇది తర్జుమా చేస్తే నర్సమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. అది మాత్రం అబద్ధం కాదు. మనిషికి కళ్లల్లో నీళ్లు రావడానికీ, చేతిలో బేరం ఆగడానికీ సంబంధం లేదని నాకు మర్నాడు తెలిసింది.

రెండో రోజు సాయంత్రం పాస్టరుగారు అతిథులకి నాటుకోడి పులుసు పెట్టాలన్నారు. బృందం నాయకుడు, పొడుగాటాయన ఒకాయన, వెయ్యి రూపాయలు నా చేతిలో పెట్టి, బేరం ఎలా ఆడతారో చూస్తానని నా వెంట వచ్చాడు. చివరి ఇంట్లో పెట్ట ఉందని ఎవరో చెప్పారు. వెళ్లేసరికి అరుగు మీద గంప బోర్లించి ఉంది. లోపల కొక్కొక్కొమని సణుగుడు. చంకలో పిల్లతో ఒక చిన్నమ్మాయి బయటికి వచ్చింది. చిన్నమ్మాయనే అంటాను, ఇరవై రెండేళ్లు దాటవు. చంకలో పిల్లకి రెండేళ్లట. చూస్తే ఏడాది పిల్లలా ఉంది.

"పెట్టని ఎంతకిస్తావమ్మా?"

"అమ్మనమ్మా. గుడ్లెడతన్నాది."

లోపలి నుంచి ఆమె అత్త గొంతు. "ఏటే, ఎవులే? ఆరొందలైతే ఇస్తామని సెప్పు. బియ్యం నిండుకున్నాయి, వానకి పనుల్నేవు, పెట్టని సూసి మురుసుకుంటామేటి?"

ముసలామె ధర చెప్పింది కాబట్టి, కోడలి 'అమ్మను' అన్న మాట నా లెక్కలో అప్పుడే చెల్లిపోయింది.

"ఆరొందలేటమ్మా!" అన్నాను. "గుడ్లెడతన్నాదంటే ముదురు కదేటి. ముదురు కోడి మాంసం సెప్పు తోలులాగుంటాది. మూడొందలు."

అమ్మే వస్తువుకి అమ్మేవాళ్లు ఏ మంచి గుణం చెబితే దాన్నే లోపంగా తిప్పి కొట్టడం మా ఇంటి విద్య.

"ముదురు కాదమ్మా, ఇదే మొదుటిసారి ఎట్టడం" అంది ఆ అమ్మాయి, చంకలో పిల్లని సర్దుకుంటూ. "గుంటకి..."

"గుంటకి గౌన్లు తెచ్చాం. ఎల్లుండి షెడ్డు కాడికొచ్చి తీసుకెల్లు" అన్నాను.

ఆమె గౌను అడగబోలేదని నాకు తెలియదా? తెలుసు. అమ్మేవాళ్ల కష్టం పూర్తిగా వినకూడదు, విన్నామంటే ధర పెరుగుతుంది. ఇది కూడా మా నాన్న చెప్పిందే. 'గుంటకి' తర్వాత ఏం వస్తుందో వినకూడదనే నేను మధ్యలో తుంచేశాను. ఇంకా చాలదన్నట్టు, వెనక నిలబడ్డ పొడుగాటాయన్ని చూపించి, "దేవుడి పని మీద సముద్రాలు దాటొచ్చినోల్లమ్మా. ఆల్లతో కూడా బేరమేటి?" అన్నాను. అప్పటిదాకా బేరం ఆడుతున్నది నేనే.

నేను గొడుగు తిప్పుకుని నడిచాను. ఒకటి. రెండు. మూడో అడుగు బురదలో పడుతుండగా లోపలి నుంచి ముసలామె కేకేసింది.

"ఓలమ్మా, ఆగు! మూడున్నరిచ్చి అట్టుకెల్లు."

డబ్బులిచ్చాను. ఆమె గంప ఎత్తి పెట్ట కాళ్లకి పురికొస కట్టింది. నల్ల పెట్ట, మెడ మీద తెల్ల చారలు. గంప కింద గడ్డిలో రెండు గుడ్లు కనిపించాయి.

"మరి కొసరో?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. చంకలో పిల్ల వైపు చూసింది. తర్వాత వంగి ఆ రెండు గుడ్లూ తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి. చప్పట్లు వినిపించింది అప్పుడే.

పులుసు బాగా కుదిరింది. మాంసం మెత్తగా వెన్నలా ఉంది. అతిథులు కారానికీ, ఎముకలకీ భయపడి తలో ముక్క కొరికి, తాము తెచ్చుకున్న రొట్టె తిన్నారు. మిగతాదంతా తిన్నది పాస్టరుగారూ, వ్యాను డ్రైవరూ, నేనూ. ఎక్కువ తిన్నది నేనే. మిగిలిన ఆరు వందల యాభై పొడుగాటాయనకి తిరిగి ఇచ్చేస్తే, ఆయన అందరి ముందూ నా నిజాయితీని మెచ్చుకున్నాడు. పొద్దున్న ఆ రెండు గుడ్లూ ఉడకబెట్టి నాటు గుడ్లని గొప్పగా నర్సమ్మకి ఇచ్చాను. ఆమె ఒకటి తిని, నువ్వూ తినాల్సిందేనని రెండోది నాకిచ్చింది. ఉప్పు, మిరియాల పొడి అద్దుకుని తిన్నాను.

మూడో రోజు షెడ్డు దూలానికి ముల్లు కాటా వేలాడదీసి, దాని కొక్కేనికి గుడ్డ ఊయల తగిలించి పిల్లల్ని తూచారు. తల్లులు వరసలో కూర్చున్నారు. అంకె చదివి రాసేది నేను. పెట్టనిచ్చిన అమ్మాయి వంతు వచ్చింది. పిల్లని ఊయలలో పెట్టింది. ముల్లు ఆరున్నర దగ్గర ఆగింది. నేను ఊయల సర్ది మళ్లీ చూశాను. ఆరున్నరే.

నాకు కిలోలతోనే బతుకు. ఆరున్నర కిలోలంటే ఎంత సంచి, ఏ సరుకైతే ఎంత ఎత్తు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. రెండేళ్ల మనిషి ఆ సంచిలో పట్టేసింది. నాయనమ్మ నా కోసం కందిపప్పులో రాళ్లేరిన సంగతి గుర్తొచ్చింది. చప్పున ఆ తలపుని అణిచేశాను, పనిలో ఉన్నాను కదా.

నర్సమ్మ పిల్ల జబ్బకి, కండ ఎంత తగ్గిందో చెప్పే రంగుల పట్టీ చుట్టింది. ఎరుపు దగ్గర నిలిచింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తల్లి మొహంలోకి చూస్తూ, మెల్లగా చెప్పింది. అంబలిలో నూనె చుక్క వెయ్యాలి, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకూడదు, అన్నిటికంటే ముఖ్యం రోజూ ఒక గుడ్డు. ఒక్కటి చాలు, కానీ రోజూ పెట్టాలి. బతకడానికీ బతకకపోవడానికీ మధ్య అంత తేడా తెస్తుందది.

నేను తర్జుమా చేశాను. "రోజుకో గుడ్డెట్టాలంటన్నారమ్మా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిన్న సెప్పబోతే నువ్విన్నేదు గదమ్మా. గుంటకెడతన్నానని. అంగన్‌వాడీ వాగవతల. వాగు తగ్గితే ఎల్లి తెస్తాను, పొంగితే నేదు. అందుకే ఆ పెట్టని మా అన్న కాడ అడిగి తెచ్చుకున్నాను. దాన్ని మీరే తినీసారు. ఇంకేటెట్టను?"

వరసలో వెనక కూర్చున్నామె పకపకా నవ్వింది. "అదీ సెప్పు! కోడినరిగించుకున్నోలు గుడ్డెట్టమంటన్నారు!" ఆ నవ్వు వరసంతా పాకింది.

నర్సమ్మ కూడా ఏమిటో తెలియకుండానే చిరునవ్వుతో నా వైపు తిరిగింది. "ఏమంటోంది?"

నాకు ఆ మాటలన్నిటికీ ఇంగ్లీషు వచ్చు. కోడికి వచ్చు, వాగుకి వచ్చు, 'మీరే తినీసారు'కి కూడా వచ్చు.

"సరేనంటోంది. మీకు చాలా థాంక్స్ చెప్పమంటోంది" అన్నాను.

నర్సమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని గుండెకి ఆనించుకుంది. ఆ అమ్మాయి మాత్రం నన్నే చూస్తోంది.

"నానింత సెప్తే నువ్వంతే సెప్పినావేటమ్మా?"

"ఇంగిలీసులో అంతేనమ్మా" అన్నాను. "తరవాతోలు రండి."

ఆ పూటే వ్యాను తీసుకుని గజపతినగరం వెళ్లి రెండు అట్టల గుడ్లు తెచ్చి ఆమె అరుగు మీద పెడితే సరిపోయేది. ఆలోచన రాకపోలేదు. తెస్తే ఎందుకు తెచ్చానో అందరికీ చెప్పాల్సి వస్తుంది, ముందు రోజు మెచ్చుకున్నాయన ముందు, చప్పట్ల ముందు. అందుకని తేలేదు. నాలుగో రోజు పిల్లలకి గౌన్లు పంచి, బుడగలు ఊది, ఫొటోలు దిగి వచ్చేశాం. ఆమె గౌను కోసం రాలేదు.

ఆదివారం చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. రాగి రంగు జుట్టు, గౌను అంచులో ముడేసిన బిస్కెట్లు, ముల్లు కాటాలో ఆరున్నర దగ్గర ఆగిన పిల్ల. మా చర్చి మొత్తం ఏడ్చింది. నేనూ మధ్యలో ఆగి కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ అందుకున్నాను. కోడి ఊసు ఎక్కడా రాకుండా అరగంట సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. సభ అయ్యాక ఒక పెద్దావిడ నా చెంపలు నిమిరి, "నీ మనసు ఎన్నపూసమ్మా" అంది. నాకు పులుసులో మాంసం గుర్తొచ్చింది.

ఆ తర్వాత కొట్లో కూర్చోవడం కష్టమైంది. కొసరెయ్యమని ఎవరు సంచి చాపినా, గంప ముందు వంగిన ఆ అమ్మాయి వీపే కనిపించేది. రేపు వెళ్దాం, మాపు వెళ్దాం అనుకుంటూ నాలుగు వారాలు దాటించాను. దానికి నా దగ్గర మంచి మంచి కారణాలున్నాయి. వాన, సరుకు, బస్సులు. అన్నీ నాకు నేనే చెప్పుకుని, నేనే తలూపాను.

చివరికి ఒక మంగళవారం పొద్దున్న రాజాం బజారులో కోళ్లబ్బాయి దగ్గరికి వెళ్లి, గుడ్లకొచ్చిన నాటు పెట్ట కావాలన్నాను. ఏడు వందల యాభై అన్నాడు. తీసి ఇచ్చాను. అతను డబ్బులు పుచ్చుకోకుండా నా మొహం వైపు చూశాడు.

"ఏటప్పా, ఒంట్లో బాగానేదా?"

"బాగానే ఉన్నాది. తీసుకో."

"నాకు బయ్యంగా ఉన్నాదప్పా. నువ్వు బేరమాడకుండా తీసుకుంటే ఊల్లో ఏటనుకుంటారు? వందుంచుకో."

"వద్దు."

"పోనీ కొసరు..."

"నాకేటొద్దు" అని అరిచాను. బజారులో నలుగురూ తిరిగి చూశారు.

బస్సు మారి, ఆటో ఎక్కి, పెట్టని సంచిలో పెట్టుకుని మధ్యాహ్నానికి ఆ ఊరు చేరాను. కోడలు కలుపుకి వెళ్లింది. అరుగు మీద ముసలామె, ఆమె ఒళ్లో పిల్ల. పిల్ల నన్ను చూసి ఏడవలేదు. ఏడుపుకి కూడా కొంత ఓపిక కావాలి కాబోలు.

"ఎవులూ? కోడమ్మా?" అంది ముసలామె, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆ ఊళ్లో నా పేరు అదన్నమాట.

నేను పెట్టని ఆమె ముందు పెట్టాను. తప్పయిపోయిందని చెప్పడానికి బస్సులో మాటలు కూర్చుకుని వచ్చాను. ఆమె అవి వినే ధ్యాసలో లేదు. పెట్టని చేత్తో ఎత్తి బరువు చూసింది. రెక్క తీసి చూసింది. కాళ్లు చూసింది. నేను సరుకు చూసినట్టే చూసింది.

"మా పెట్టంతది కాదు" అంది. "అదుంటే ఈపాటికి పొదిగీసి పిల్లల్నేసుకు తిరుగుతుండును."

"పిల్ల ఎలా ఉన్నాదమ్మా?"

"ఎలాగుంటాది? మొన్న నర్సమ్మ, మా వైపు వచ్చే నర్సమ్మ, తూసింది. ఆరున్నరే. ముల్లు కదల్లేదంట. ఎల్లినప్పుడు అంగన్‌వాడీ గుడ్డు తినీసింది. ఎల్లనప్పుడు నేదు."

ఇంక అక్కడ నిలబడలేక, వస్తానమ్మా అని వెనక్కి తిరిగాను. ఒకటి. రెండు. లెక్కపెట్టాలని కాదు, అలవాటు. మూడో అడుగు పడుతుండగా వెనక నుంచి పిలిచింది.

"ఆగమ్మా. మరి కొసరో?"

తిరిగి చూశాను. ఆమె నవ్వడం లేదు.

"రెండు గుడ్లట్టుకెల్లినావు గదేటి. నాకు గేపకం నేదనుకున్నావా?"

నేను గుడ్లు తేలేదు. అంత పెద్ద పశ్చాత్తాపంలో ఆ రెండూ మరిచిపోయాను. వాగు దాటి కింది ఊరి కొట్టు దాకా నడిచాను. మోకాలి లోతు నీళ్లు, అడుగున జారే రాళ్లు. గుంటని చంకనేసుకుని ఆ అమ్మాయి దాటే వాగు అదే. రెండు అట్టల గుడ్లు కొని, చెరో చేత్తో పట్టుకుని తిరిగి వచ్చేసరికి గంటన్నర అయింది. ముసలామె ఒక్కొక్క గుడ్డూ తీసి వెలుతురుకి పట్టి చూసి, ఒకటి చితికిందని పక్కన పెట్టింది. రెండు ఉడకబెట్టి పిల్ల చేతిలో ఒకటి పెట్టింది. పిల్ల సగం తిని, మిగతా సగం గుప్పెట్లో బిగించి పట్టుకుంది. ఎంత చెప్పినా తెరవలేదు.

"రేపటికంట" అంది ముసలామె.

తిరుగు బస్సులో, విదేశంలో ఉన్న నర్సమ్మకి ఫోన్లో రాశాను. ఆ రోజు ఆ అమ్మాయి అన్న మాటలు ఒక్కటీ వదలకుండా. వెనక నవ్వినామె మాట కూడా. ఆమె థాంక్స్ చెప్పలేదని, అది నేను కల్పించానని. గజపతినగరం రాకముందే జవాబు వచ్చింది. తిట్టలేదు.

"అయితే నేను తిన్న గుడ్డు ఆ పిల్లదా?"

దాని కిందనే ఇంకోటి.

"పిల్ల ఎన్ని గుడ్లు పోగొట్టుకుంది?"

నర్సు కదా, లెక్కే అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టాను. పెట్టని కొన్న రోజు నుంచి ఈ రోజు వరకూ ముప్పై నాలుగు రోజులు. అక్కడితో ఆగాల్సింది. కానీ నాటుకోడి రోజూ పెట్టదు కదా, రోజు విడిచి రోజు వేసుకున్నా పదిహేడు. పొదుగుకి కూర్చుంటే కొన్నాళ్లు అసలే పెట్టదు, పన్నెండు. వాగు తగ్గిన రోజుల్లో అంగన్‌వాడీ గుడ్డు తినే ఉంటుంది, అవి తీసేస్తే ఎనిమిది. ఎనిమిదని టైపు చేశాను. పంపే మీట మీద వేలు పెట్టాక చూసుకున్నాను, ఏం చేస్తున్నానో. ఆ ఇంటి అరుగు ముందు గొడుగు పట్టుకుని మళ్లీ నిలబడి ఉన్నాను. ఈసారి ఆపడానికి అవతల ఎవరూ లేరు.

చెరిపేశాను. రోజుకొకటి అని ఆమె చెప్పింది, రోజుకొకటి అని తర్జుమా చేసింది నేనే. మళ్లీ రాసి పంపాను.

ముప్పై నాలుగు. పైన మీరు తిన్నదొకటి, నేను తిన్నదొకటి.